శవానికి వన్స్‌మోర్

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. అందులో నా తప్పేమీ లేదు, నా వ్యాపారమే అలాంటిది. అట్టముక్కకు బంగారురంగు కాగితం అతికించి కిరీటమంటాను. బూరుగుదూది కుక్కిన గదను మోయలేక మోస్తున్నట్టు మోయమని భీముడికి నేర్పుతాను. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడి నోట్లోంచి చిన్న మాట చిన్నదిగానే బయటికి రమ్మంటే ఎలా వస్తుంది? కాబట్టి ఇక్కడ రాసిన ప్రతి వివరాన్నీ మీకు తోచినంత తగ్గించుకుని చదవండి. అయితే ఒక్క మాట. పెంచడం వేరు, కల్పించడం వేరు. పెంచినవి చాలా ఉన్నాయి. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర్లో నేనే చెప్తాను.

అది 2023. కరోనా భయం పోయి, పిల్లల వార్షికోత్సవాలు మళ్ళీ జోరందుకున్న కాలం. జగ్గయ్యపేట పాత బజారులో మా ‘రంగనాయకి డ్రామా డ్రెస్ కంపెనీ’ ఉంది. కంపెనీ అంటే రెండు గదులు, బీరువాలు, ట్రంకుపెట్టెలు, నేను, మా ఆవిడ రమణ. మా నాన్నగారి రోజుల్లో పద్యనాటకాల వాళ్ళు మా గుమ్మం ముందు వరస కట్టేవాళ్ళు. కృష్ణానదికి ఇవతల పక్కన మా కిరీటం పెట్టుకోని ధర్మరాజు లేడంటే అతిశయోక్తి కాదు. సరే, అతిశయోక్తే. ఇప్పుడు మాకు వచ్చేవాళ్ళంతా ఎల్‌కేజీ తల్లులు. బాలకృష్ణుడు, భరతమాత, ట్రాఫిక్ పోలీసు, టమాటా. మా షాపులో టమాటా వేషానికి ఉన్న గిరాకీ ధర్మరాజుకి లేదు. ధర్మరాజు బట్టలు ఏడాదికోసారి ఎండలో వేసుకుని, దులుపుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం శారద మేడం వచ్చారు. నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. సన్నటి మనిషి, పెద్ద కళ్ళద్దాలు. వస్తూనే ఫోను తీసి బొమ్మలు చూపించారు.

“సూర్యంగారూ, ఇలాంటి బట్టలు కావాలండి. రీజెన్సీ కాలం.”

“అంటే ఏ యుగమండీ?” అన్నాను. మాకు యుగాల లెక్కే అలవాటు.

“సుమారు రెండువందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు. రాజుగారికి మతి చలిస్తే, ఆయన కొడుకు ఆయన బదులు ఏలిన రోజులు. పెద్దింటి వాళ్ళ విందులు, డాన్సులు, పెళ్ళి సంబంధాలు.”

“మన దగ్గర కుంఫిణీ దొరలు పన్నులు వసూలు చేస్తున్న రోజులేగా? అప్పుడు వాళ్ళ దేశంలో ఉన్న దొరలు ఏం చేస్తున్నారండీ?”

“డాన్సు చేస్తున్నారు,” అన్నారు మేడం నవ్వకుండా. “ఆ డాన్సులో ఒక హత్య జరుగుతుంది. నేను రాసిన నాటకం. ‘విందులో హత్య.’”

దొర డ్రెస్సులకు మా దగ్గర కొదవ లేదు. మా నాన్నగారి కాలంలో చారిత్రక నాటకం ఏది వేసినా, హీరో తిట్టిపోయడానికి ఒక దొర కావాలి. అందుకని ఎర్రకోట్లు ఒక పెట్టెనిండా ఉన్నాయి. నా లెక్కన అప్పటి కుంఫిణీ సైన్యంలో కూడా అన్ని ఉండవు. పాపం ఆ కోట్లు పుట్టిన దగ్గర్నుంచీ తిట్లు తినడమే తప్ప ఒక్కసారి కూడా డాన్సు చేసి ఎరగవు. ఆడవాళ్ళ గౌన్ల దగ్గరే చిక్కొచ్చింది. బొమ్మల్లో గౌను నడుము దగ్గర కాకుండా ఛాతీ కిందే బిగించి ఉంది.

“నడుము అంత పైకెందుకు వెళ్ళిందండీ?” అన్నాను.

“అప్పటి ఫ్యాషన్.”

రమణ లోపలినుంచి వచ్చి ఫోనులోకి ఒకసారి తొంగిచూసింది. “దీనికేముందండీ మేడం, పట్టు పరికిణీని చంకల కిందికి లాగి కడితే ఇదే,” అంది. అలా జగ్గయ్యపేటలో రీజెన్సీ మొదలైంది. మగవాళ్ళ మెడకు చుట్టే తెల్లగుడ్డను ‘క్రవాట్’ అంటారట. మా వైపు జలుబు చేస్తే మఫ్లరు అంటాం. ముందు పొట్టిగా, వెనక రెండు తోకలతో ఉండేది ‘టెయిల్ కోట్’. గడ్డాలూ సవరాలూ మాత్రం మా పాత పద్ధతే. ‘క్రేప్ హెయిర్’, అంటే జడలా అల్లి అమ్మే ఉన్నివెంట్రుక, దాన్ని ‘స్పిరిట్ గమ్’ అనే జిగురుతో చెంపలకు అతికిస్తాం. ఊడదీసేటప్పుడు నటుడు తన పూర్వీకులందర్నీ తలుచుకుంటాడు.

అన్నీ రాసుకున్నాక మేడం గొంతు తగ్గించారు. “ఇంకొకటుందండీ. ఇది గుట్టుగా ఉండాలి.”

నాటకం కథ ఇదీ. లార్డు గారి బంగళాలో విందు. అందరూ డాన్సు చేస్తుంటే దీపాలు ఆరిపోతాయి. ఒక కేక. దీపాలు వెలిగేసరికి లార్డు గారు గుండెలో కత్తితో నేలమీద ఉంటారు. ఆ గదిలో నలుగురు: ఆస్తికోసం కాచుకున్న మేనల్లుడు, మాట తప్పినందుకు మండిపోతున్న లేడీ గారు, కుటుంబ డాక్టరు, పాత బట్లరు. బట్లరంటే మన వైపు పెద్దిళ్ళలో అన్నీ చూసుకునే పాలేరు లాంటివాడే, కాకపోతే చేతికి గ్లౌజులుంటాయి. ఒక మేజిస్ట్రేటు వచ్చి విచారిస్తాడు. హంతకుడెవరో చిట్టచివరి సీనులో గాని తెలియదు. ఆ సంగతి మేడానికీ, హంతకుడి వేషగాడికీ తప్ప ఎవరికీ తెలియదు. మేజిస్ట్రేటు వేసే కుర్రాడిక్కూడా ఆఖరి డైలాగు నాటకం రోజునే ఇస్తారట.

“మరి నాకెందుకండీ చెప్తున్నారు?”

“కత్తి దాచడానికి ఎవరో ఒకరి డ్రెస్సుకి చేతిలో లోపలి జేబు కుట్టాలి కదండీ. ఎవరికి కుట్టాలో చెప్పకుండా ఎలా?”

అలా నందిగామ చరిత్రలో హంతకుడెవరో తెలిసిన మూడో మనిషినయ్యాను. డాక్టరు. డాక్టరు కోటు ఎడమచేతికి, మోచేయి కింద, నా చేత్తో నేనే ఆ జేబు కుట్టాను. రమణకు కూడా చూపించలేదు.

గుట్టు ఎందుకంత ముఖ్యమో కూడా మేడమే చెప్పారు. ఆ కాలేజీకి రేకుల షెడ్డు ఒకటుంది, అందులో స్టేజీ ఉంది. కరస్పాండెంట్ గారు, అంటే కాలేజీ యజమాని, మిర్చి వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. కాలేజీ బస్సులు ఎండకు ఎండి వానకు తడుస్తున్నాయని ఆయన బాధ. “స్టేజీ కొట్టేసి బస్సుల షెడ్డు చేద్దాం మేడం. ఇవాళ రేపు నాటకం ఎవరు చూస్తారు?” అన్నారట. మేడం బతిమాలితే చివరికి ఒక షరతు పెట్టారు. ఈ వార్షికోత్సవానికి వచ్చిన తల్లిదండ్రులు నాటకం అయ్యేదాకా కదలకుండా కూర్చుంటే స్టేజీ ఉంటుంది. సగంలో లేచిపోతే బస్సులుంటాయి.

“హంతకుడెవరో ముందే తెలిసిందనుకోండి,” అన్నారు మేడం, “నాటకం అయిపోయినట్టే. అంతా ఆటోలెక్కేస్తారు.”

“నా నోరు మీకు తెలియదు మేడం,” అన్నాను గర్వంగా.

“తెలుసు కాబట్టే భయమేస్తోంది సూర్యంగారూ,” అన్నారావిడ.

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుట్టు దాచడంలో ప్రపంచంలో నా అంతవాడు లేడని రుజువు చేద్దామని ఆ రోజే నిర్ణయించుకున్నాను. అయితే నోరు మూసుకుని దాచడం నా వల్ల కాదు. అందుకని నాకు చేతనైన పద్ధతిలో దాచాను.

పిల్లలు రిహార్సల్స్ మొదలుపెట్టగానే సంగతి ఊళ్ళకు పాకింది. టీకొట్టు దగ్గర మా బావమరిది వరసాయన పట్టుకున్నాడు. “బావా, చంపిందెవరంట?”

ఇటూ అటూ చూసి చెవిలో చెప్పాను. “మేనల్లుడు. ఎవరితో అనకు.”

క్షవరం చేయించుకుంటుంటే కత్తి నా గొంతు మీద ఆపి అడిగాడు మంగలి షాపాయన. “లేడీ గారు,” అన్నాను. ఆ పరిస్థితిలో బట్లరని కూడా చెప్పి ఉండేవాణ్ణి, కానీ బట్లరు మాట అప్పటికే పాలు పోసే ఆవిడకి ఇచ్చేశాను. ఆఖరికి కరస్పాండెంట్ గారే కారాపారు. “ఏమయ్యా సూర్యం, కాలేజీ నాది, షెడ్డు నాది. నాక్కూడా చెప్పవా?”

“మీ దగ్గర దాస్తానాండీ? విచారించే మేజిస్ట్రేటే చంపాడండీ,” అన్నాను. ఆయన నమ్మేశారు. పెద్ద మనుషులకు పెద్ద అబద్ధమే ఆనుతుంది.

వారం తిరిగేసరికి రెండు ఊళ్ళలోనూ హంతకుడెవరో తెలియని మనిషి లేడు. ఎవరి హంతకుడు వాళ్ళకున్నాడు. టీకొట్టు దగ్గర కొట్లాటలు కూడా జరిగాయి. అసలువాణ్ణి దాచాలంటే కొసరువాళ్ళ గుంపులో నిలబెట్టాలి. వేషం అంటే అదేగా?

ఇక లార్డు వేషం. పిల్లలెవరికీ ఆ బరువు రావట్లేదు. నడిచి వస్తే సెల్లు రీచార్జి చేయించుకోవడానికి వస్తున్నట్టుంటారు. అప్పుడు నేను అచ్చయ్య బాబాయి పేరు చెప్పాను. చందర్లపాడు మనిషి. మా నాన్నగారి స్నేహితుడు. డెబ్బై దాటాయి. ఒకప్పుడు ఆయన రాజు వేషం కట్టి స్టేజీ మీద అడుగుపెడితే నేలమీద కూర్చున్న జనం ఒకసారి లేచి మళ్ళీ కూర్చునేవాళ్ళు. గొంతు బొంగురుపోయి పద్యాలు మానేశాక ఎవరూ పిలవడం లేదు. మిరపచేను, మోకాళ్ళ నొప్పులు, అంతే.

మేడం భయపడ్డారు. “ఆయన పద్యం అందుకుంటే? ఇది ఇంగ్లండండీ.”

“నేను పూచీ మేడం,” అన్నాను.

బాబాయి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. అరుగు మీద కూర్చుని అంతా విన్నారు.

“వేషం ఏంట్రా?”

“లార్డు బాబాయ్. మన లెక్కలో జమీందారు.”

“పద్యాలెన్ని?”

“ఒక్కటీ లేదు. మొదటి సీన్లోనే పోతావ్. పోయేముందు ‘అబ్బా’ అనాలి.”

“అంతేనా?” అన్నారాయన.

“అంతే.”

“మీ నాన్న ఉంటే నాకీ వేషం చెప్పేవాడంట్రా?” అన్నారు. నేను తల దించుకున్నాను. అంతలో ఆయనే లేచి, కండువా దులిపి భుజాన వేసుకున్నారు. “ఆ అబ్బా ఏ స్థాయిలో అనాలో కనుక్కో,” అన్నారు.

వార్షికోత్సవం రోజు సాయంత్రం షెడ్డు కిటకిటలాడింది. సగం జిల్లా అక్కడే ఉంది. మిగతా సగం గోడలెక్కింది. దీపాలారితే చీకటవ్వాలని కిటికీలకు పత్తిబస్తాల పట్టాలు కట్టించాం. ముందు వరసలో సోఫాలో కరస్పాండెంట్ గారు. పిల్లల చేతులు పడకుండా మెయిన్ స్విచ్చులున్న గదికి తాళం వేసి, ఆ తాళంచెవి ఎలక్ట్రీషియన్ జేబులో పెట్టాం. సైగ చూసి ఆర్పాలి, సైగ చూసి వెయ్యాలి. నేను ‘వింగ్’లో ఉన్నాను. వింగ్ అంటే స్టేజీకి రెండుపక్కలా నిలబెట్టే తెరచాటు, నాలాంటివాళ్ళ కాపురం అక్కడే. ఉక్కకి చొక్కా విప్పేసి, గళ్ళ లుంగీ, బనీను, మెడలో టేపుతో ఉన్నాను.

తెర లేచింది. గౌన్లు తిరిగాయి. మేడం యూట్యూబు చూసి నేర్పించిన ఇంగ్లీషు డాన్సు మన వాళ్ళ కాళ్ళకొచ్చేసరికి కోలల్లేని కోలాటమైంది గాని, జనానికి అదే నచ్చింది. అప్పుడు ప్రవేశించారు అచ్చయ్య బాబాయి. ఎర్రకోటు, తెల్లసవరం, తెల్లగడ్డం, మెడకు క్రవాట్. ఆ నడక చూసి గోడమీది వాళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నారు. నిజంగా ఇంగ్లండులో లార్డులు అలా నడిచి ఉంటే మన దేశం ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉండేది.

దీపాలారాయి. చీకట్లో డాక్టరు చెయ్యాల్సింది చేశాడు. మా ‘స్ప్రింగ్ కత్తి’ నొక్కితే అలుగు పిడిలోకి వెళ్ళిపోతుంది, పిడికి ఉన్న కొక్కెం కోటుకి పట్టుకుంటుంది.

“అబ్బా!”

బాబాయి మాట తప్పలేదు. పద్యం పాడలేదు. ఒక్క అబ్బానే అన్నారు. కాకపోతే ఆ ‘అ’ దగ్గర ఎత్తుకుని, ‘బ్బా’ని పట్టుకుని, కిందినుంచి పైకి, పైనుంచి కిందికి రాగం తీశారు. బొంగురు గొంతే. కానీ ఆ బొంగురులో పోతున్న ప్రాణం వినిపించింది. ఆ అబ్బా షెడ్డు దాటి, హైవే ఎక్కి, చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఎవరూ ఆపకుండా దాటిపోయి, కోదాడ చూసుకుని వెనక్కి వచ్చింది. అప్పుడు దీపాలు వెలిగాయి. లార్డు గారు నేలమీదున్నారు.

ఆ తర్వాత షెడ్డు రేకులు లేచిపోయాయి.

“వన్స్‌మోర్! వన్స్‌మోర్!”

బయటి ప్రాంతాల పాఠకులకు ఇక్కడొక మాట చెప్పాలి. మా వైపు పద్యనాటకంలో జనానికి నచ్చితే వన్స్‌మోర్ అంటారు. అంటే నటుడు ఆ పద్యం మళ్ళీ పాడి తీరాలి. యుద్ధంలో ఉన్నా సరే, అడవిలో ఉన్నా సరే, చచ్చిపోయినా సరే. వన్స్‌మోర్ కొడితే లేవని నటుణ్ణి మా వాళ్ళు మరోసారి పిలవరు.

శవం లేచింది.

నెమ్మదిగా, మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, సవరం సర్దుకుని, సభకు రెండు చేతులూ జోడించింది. తర్వాత రెండు చేతులూ చాచి, గుండె ముందుకు పెట్టి నిలబడింది. పొడవమని.

“సూర్యంగారూ, శవం లేచిందండీ!” మేడం నా బనీను పట్టుకుని లాగారు.

“లేస్తుందండీ. వన్స్‌మోర్ కొట్టారుగా.”

“దీపాలు ఆర్పమనండి ముందు!”

ఎలక్ట్రీషియన్ కోసం చూశాను. వాడు స్విచ్చుల గదికి మళ్ళీ తాళం వేసేసి, జనంలో రెండో వరసలో బెంచీ ఎక్కి నిలబడి, అందరికంటే గట్టిగా వన్స్‌మోర్ అంటున్నాడు. తాళంచెవి వాడి జేబులో ఉంది. వాడికీ మాకూ మధ్య సగం జిల్లా ఉంది.

ఇప్పుడు పరిస్థితి చూడండి. వెయ్యి వాట్ల లైట్ల కింద లార్డు గారు గుండె చూపిస్తూ నిలబడ్డారు. పొడవాల్సినవాడు వచ్చి పొడిచాడా, హంతకుడెవరో మొదటి సీన్లోనే తేలిపోతుంది. జనం ఆటోలెక్కుతారు, స్టేజీ మీదికి బస్సులెక్కుతాయి. పొడవలేదా, డెబ్బై దాటిన మనిషి అంత జనం ముందు చేతులు చాచుకుని వెర్రివాడిలా నిలబడిపోతారు. ఆయన్ని పిలిచింది నేను. పూచీ పడింది నేను. డాక్టరు వేసిన కుర్రాడు మా వంక బిక్కచచ్చి చూస్తున్నాడు. ఎక్కువసేపు అలా చూసినా దొరికిపోతాడు.

“తెర దించేద్దామా?” అన్నారు మేడం. కళ్ళల్లో నీళ్ళు.

తెర అన్న మాట వినగానే నాకు మా నాన్నగారు కనిపించారు. పెద్ద తెర కాదు. వీధినాటకాల్లో ముఖ్యమైన వేషం వచ్చేముందు ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని ఒక గుడ్డ అడ్డం పడతారు. జనానికి గుడ్డ పైన కిరీటం, గుడ్డ కింద గజ్జెల కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. మా నాన్నగారు ఆ గుడ్డ పట్టేటప్పుడు నన్ను రెండో కొస పట్టుకోమనేవారు.

పక్కనున్న ఎర్రకోటు ఒకటి బనీను మీద తగిలించుకున్నాను. పైన కుంఫిణీ, కింద గళ్ళలుంగీ. స్టేజీ మీదికి నడిచి, విందు బల్ల మీద పరిచిన తెల్లదుప్పటి ఒక్క లాగు లాగాను. ప్లాస్టిక్ ద్రాక్షపళ్ళు ఇంగ్లండంతా దొర్లాయి.

“రండి మేడం, ఆ కొస పట్టుకోండి!”

“నేనా? స్టేజీ మీదికా?”

“స్టేజీ ఉండాలనుకుంటే రండి!”

వచ్చారు. పట్టుచీరలో, కళ్ళద్దాలతో వచ్చి రెండో కొస పట్టుకున్నారు. లార్డు గారికి అడ్డంగా తెర పట్టాం. బాబాయికి ఏం చెప్పక్కర్లేకపోయింది. గుడ్డ పైన ఆయన తల, గుడ్డ కింద ఆయన బూట్లు. నా వంక ఓరగా చూసి, “మీ నాన్న దీన్ని ఇంకాస్త కిందికి పట్టేవాడు,” అన్నారు గొణుగుతూ.

“డాన్సు ఆపకండర్రా!” అన్నాను పిల్లలతో. “ఒక్కొక్కళ్ళే ఈ గుడ్డ వెనకనుంచి వెళ్ళి అటు పక్క తేలండి. నలుగురూ!”

లాప్‌టాపులో పాట మళ్ళీ మొదలైంది. మేనల్లుడు తిరుగుతూ వచ్చి తెర వెనక్కి వెళ్ళాడు, అటు తేలాడు. లార్డు గారి ముఖంలో చలనం లేదు. లేడీ గారు వెళ్ళింది, కాస్త ఆగింది, తేలింది. “ఆగింది! ఆవిడే!” అని ఎవరో అరిచారు. “మేనల్లుడే, నాకు ముందే తెలుసు!” అన్న గొంతు మా బావమరిదిది. డాక్టరు వెళ్ళాడు. బాబాయి తన గుండెకున్న కత్తి తనే ఊడదీసి వాడి చేతిలో పెట్టడం, వాడు చెమటపట్టిన చేత్తో దాన్ని మళ్ళీ అదే చోట గుచ్చడం, అదంతా చూసింది తెర వెనకున్న మేము మాత్రమే. డాక్టరు తేలాడు. బట్లరు వెళ్ళి, ట్రే పట్టుకుని, వీలైనంత అనుమానంగా తేలాడు.

నలుగురూ బయటికొచ్చేశారు. లార్డు గారు గుడ్డ పైనుంచి జనం వంక చూసి చిన్నగా నవ్వారు. కత్తి గుండెలో ఉంది, ముఖం మీద నవ్వుంది. అప్పుడు, జనం ఇక ఏమీ జరగలేదనుకుంటున్నప్పుడు, ఎత్తుకున్నారు.

“అబ్బా...”

ఈసారి అది కోదాడ దగ్గర ఆగలేదు.

ఆ తల మెల్లగా గుడ్డ అంచు కిందికి దిగిపోయింది. మేము గుడ్డ వదిలేశాం. శవం. గుండెలో కత్తి. నలుగురూ నాలుగు మూలల, సమానమైన దూరంలో. ఫుల్ లైట్లలో, అందరి కళ్ళ ముందు హత్య జరిగింది. ఎవరు చేశారో ఒక్కరికీ తెలియదు.

కరస్పాండెంట్ గారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు. “ఎవరయ్యా? ఎవరు? మేజిస్ట్రేటు ఇంకా రానే లేదుగా!” అన్నారు, పక్కనున్నాయన భుజం ఊపేస్తూ. నా వంక చూసిన చూపు నేను బతికున్నంత కాలం మర్చిపోను. నేను నా లుంగీ వంక చూసుకున్నాను.

“వన్స్‌మోర్!”

మళ్ళీ మొదలైంది. దుప్పటి తీసుకునే వంకతో బాబాయి మీదికి వంగాను.

“ఇంక లేవలేన్రా సూర్యం,” అన్నారాయన పెదాలు కదపకుండా. “మోకాలు పట్టేసింది. ఏం చేద్దాం?”

“ఏం చెయ్యకు బాబాయ్. చచ్చిపోయావ్ నువ్వు.”

“వాళ్ళు అడుగుతుంటే ఊరుకోడం మర్యాద కాదు,” అన్నారు. పడుకున్నవాడు పడుకున్నట్టే, కళ్ళు మూసుకునే, రెండు చేతులూ పైకెత్తి సభకు నమస్కారం పెట్టారు. గుండెలో కత్తి నిటారుగా ఉంది, దానికి అటూ ఇటూ జోడించిన చేతులు. చేతులు దించేసి మళ్ళీ చచ్చిపోయారు.

అంత పెద్ద చప్పట్లు నేను వినలేదు. రేకుల మీది కాకులు ఖమ్మం జిల్లాకి వలస వెళ్ళాయి, తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఒక్కరంటే ఒక్కరు కదల్లేదు. బయట మనుషుల కోసం ఎదురుచూస్తున్న ఆటోవాళ్ళు హారన్లు కొట్టి, విసిగి, ఏమైందో చూద్దామని లోపలికొచ్చి, వాళ్ళూ నిలబడిపోయారు. ప్రతి సాక్ష్యానికీ జనం తెర వెనక ఎవరు ఎంతసేపు ఆగారో చర్చించుకున్నారు. చివర్లో మేజిస్ట్రేటు వేలెత్తి డాక్టరు వంక చూపించగానే షెడ్డంతా హాహాకారం. “నా కళ్ళ ముందే వెళ్ళాడు కదరా!” అని వాపోయాడు మా బావమరిది. నేను అతనికి కనపడకుండా వింగులోకి తప్పుకున్నాను.

కరస్పాండెంట్ గారు లోపలికొచ్చారు. ముందు అచ్చయ్య బాబాయి చేతులు పట్టుకున్నారు. తర్వాత మేడం వైపు తిరిగారు.

“బస్సులకు వేరే చోట రేకులేయిద్దాం లెండి.”

మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన నా దగ్గర ఆగారు. “మేజిస్ట్రేటు చంపాడన్నావేమయ్యా?”

“వేషాలు అద్దెకిచ్చేవాడి మాట నమ్మారేంటండీ?” అన్నాను. ఆయన పకపకా నవ్వారు.

దింపడానికి తీసుకెళ్తుంటే బాబాయి మా వ్యానులో ముందు సీట్లో కూర్చున్నారు. స్పిరిట్ గమ్ ఊడదీయనివ్వలేదు. చెంపలకు ఆ తెల్లగడ్డంతోనే చందర్లపాడులో దిగుతానన్నారు. దిగుతూ, “ఎప్పుడన్నా మళ్ళీ చావాలంటే కబురు చెయ్యరా,” అన్నారు.

ఇన్నేళ్ళుగా మా వృత్తి చూపించే వృత్తి అనుకునేవాణ్ణి. మెరిసే రాళ్ళు, జరీ, కిరీటాలు. ఆ రోజు తెలిసింది, మాది దాచే వృత్తి. గడ్డం మొహాన్ని దాస్తుంది, సవరం బట్టతలను దాస్తుంది, దుప్పటి హంతకుణ్ణి దాస్తుంది. జనం చూడ్డానికి వస్తారు గాని, దాచినదాని కోసం కూర్చుంటారు. మా నాన్నగారు తెర కొస నా చేతికి ఎందుకిచ్చేవారో ఇప్పుడు అర్థమైంది. మా బోర్డు మీద ఇప్పుడు ‘ఇంగ్లీషు హత్యలకు కూడా డ్రెస్సులు దొరుకును’ అని రాయించాను. ధర్మరాజు బట్టలు కూడా అడపాదడపా బయటికి వెళ్తున్నాయి.

మేడం ఆ తెర సీనును నాటకంలో ఉంచేశారు. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో వేశాం, నాటక పరిషత్తు పోటీల్లోనూ వేశాం. ఎక్కడ వేసినా శవానికి వన్స్‌మోర్ తప్పలేదు. తెర ఒక కొస ఇప్పటికీ నేనే పట్టుకుంటున్నాను. లుంగీ మార్చబోతే జనం ఒప్పుకోలేదు.

ఇక మొదట్లో ఇచ్చిన మాట. సగం జిల్లా రావడం, కోదాడ దాకా వెళ్ళిన అబ్బా, వలస వెళ్ళిన కాకులు, ఇవన్నీ పెంచినవే, కల్పించినవి కావు. జనం వచ్చారు, అబ్బా సాగింది, కాకులు లేచాయి. శవం లేవడం నిజం. పడుకుని నమస్కారం పెట్టడం అక్షరాలా నిజం, దాన్ని పెంచడానికి నా దగ్గర కూడా సరుకు లేదు.

నేను పూర్తిగా కల్పించింది డాక్టరే హంతకుడన్న మాట. ఆ డాక్టరు ఏ పాపం ఎరగడు. ఆ నాటకం ఇంకా ఆడుతోంది, మీరూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఆ రేకుల కింద కూర్చోవాల్సినవాళ్ళే. బావమరిదికి చెప్పనిది, మంగలి కత్తికి లొంగనిది, మీకు మాత్రం ఎలా చెప్తాననుకున్నారు?

లోపలి జేబు కుట్టింది నేనే. అది మాత్రం నిజం.